భంగాకృషియు మిథ్యాశాస్త్రమును

తులసివనములో గంజాయిమొక్క యను సామెత నెఱుఁగని తెలుఁగువారు లేరు. ఆ సామెతలోని గంజాయి తనంతఁ బుట్టిన కలుపు. దానిని విత్తువారుగాని, దానికి నీరు పెట్టువారుగాని, దాని యెదుగుదలకై చింతించువారుగాని యందుఁ గానరారు. కాని యీ మొక్కను మనుష్యులు బుద్ధిపూర్వకముగా సాగుచేయుట మిగులఁ బ్రాచీనమైన పని. పాణిని తన యష్టాధ్యాయి యైదవ యధ్యాయము రెండవ పాదమున, ధాన్యములు పండెడి పొలములకుఁ బేళ్లు సాధించుపట్ల, తిలలు, మాషములు, ఉమ, అణువు లనువానితోఁ బాటు భంగను గూడఁ జేర్చినాఁడు. నువ్వుచేను తిల్యము, తైలీనము నైనట్లే భంగచేను భంగ్యము, భాంగీనము నగును. లేని పొలమునకు వైయాకరణుఁడు ప్రత్యయము విధింపఁడు గదా! అథర్వవేదము పదునొకండవ కాండమున సోమము రాజుగాఁ గల యోషధులలో దర్భ, యవలతోఁ గూడ భంగ పేర్కొనఁబడినది. అమరసింహుఁడు వైశ్యవర్గమున ధాన్యముల నడుమ దీనిని నిలిపి, మాతులాని యను పర్యాయము నొసఁగెను. మాతులాని యనఁగా మేనమామ భార్య. ఆ యిల్లాలికి నీ మొక్కకుఁ గల చుట్టఱిక మేమో కాని, యమరము వల్లించు బాలురకు మాత్ర మీచోట నవ్వాఁపుకొనుట కష్టము.

పైని జెప్పిన శబ్దశాస్త్ర నిఘంటువులలో భంగ ధాన్యముల నడుమఁ గానవచ్చును. మాదకద్రవ్యముల నడుమఁ గాదు. మత్తుగుణమును స్పష్టముగాఁ జెప్పినవి మధ్యయుగమునందలి వైద్యగ్రంథములు. శార్ఙ్గధరుఁడు వ్యవాయిద్రవ్యమునకు, అనఁగా జీర్ణమగుటకు మున్నే దేహమంతయు వ్యాపించు ద్రవ్యమునకు, భంగను నల్లమందును దృష్టాంతములుగాఁ జూపినాఁడు. ఆనందకందమను రసశాస్త్రగ్రంథమున నీ మొక్కకు విజయ మొదలుగా నలువదికి మించిన పేళ్లు కలవు. నియమముతో సేవించినవాఁడు 300 సంవత్సరములు జరారోగములు లేక జీవించునని ఫలశ్రుతియుఁ గలదు. ఆ గ్రంథకర్తయే దీనిని బరీక్షించి చూచినచో నీపాటికిఁ గాలము చాలకుండెడిది కాదు.

ఇచట నొక పదభ్రాంతిని దొలఁగింపవలసియున్నది. ఇంగ్లీషువారు హెంపను నొక్క మాటతో మూఁడు మొక్కలను వ్యవహరించిరి. మన జనుము వారికి సన్ హెంపు. మన గోఁగు డెక్కన్ హెంపు. నిజమైన హెంపు భంగ. మూఁటికిని నారయే సామాన్యధర్మము గాని కులమున నొకదానికొకటి సంబంధము లేదు. జనుము చిక్కుడుజాతిది, గోఁగు మందారజాతిది. నిఘంటువున హెంపునకు జనుమని యర్థము చూచి యూరోపు రైతుల కథలు చదువువాఁడు చేనినే పొరపాటుపడును. ఈ వ్యాసమున భంగ యన్నచో గంజాయిమొక్క యనియే గ్రహింపవలెను. మత్తునకైనను నారకైనను జాతి యొక్కటియే.

ఏ పంటకైనను నిజమైన కృషిశాస్త్రము ప్రక్కనే మిథ్యాశాస్త్రము మొలచుట లోకసహజము. మనవా రిందు నెవ్వరికిని దీసిపోలేదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితయందలి వృక్షాయుర్వేదాధ్యాయమున విత్తులను బదిదినములు పాలలో నానవేసి, నేయి పూసిన చేతులతోఁ బ్రతిదినము తీసి, ఆవుపేడలోఁ బలుమాఱులు పొరలించి, పందిమాంసముతోను లేడిమాంసముతోను ధూపము వేసి విత్తవలెనని విధించినాఁడు. సురపాలుని వృక్షాయుర్వేదమున విచిత్రమైన వృక్షములను బుట్టించు యోగములకుఁ బ్రత్యేకముగా నొక ప్రకరణమే కలదు. ఈ గ్రంథమును నళినీ సాధలే గారి యాంగ్లానువాదముతో 1996లో సికిందరాబాదునందలి ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషనువారు ప్రకటించిరి. వీనిలోఁ బేడపూఁతయుఁ, గుణపజలమను మాంసపుటెరువును నేఁటి రైతునకుఁ గూడఁ బనికివచ్చునవి. ధూపము సంగతి వేఱు. కాంతలు పాదముతోఁ దన్నినంత నశోకము పూచుననియు, మద్యగండూషమున వకుళము పూచుననియుఁ జెప్పు దోహదములు కవిసమయములుగా నున్నంతకాలము నెవ్వరికిని హాని లేదు. తోఁటమాలి వానిని నమ్మి కూర్చుండెనేని యశోకమునకు నీరు కఱవగును.

భంగవిషయమున నిట్టి దోహదములు యూరోపుఖండమునఁ బెక్కులు ప్రబలెను. అచటి పల్లెలలోఁ బత్తి లేదు. బట్టకుఁ, ద్రాటికి, నోడతెరచాపకు భంగనారయు నవిసెనారయు నాధారము. నార పొడవుగా నుండవలెనన్న మొక్క పొడవుగాఁ బెరుఁగవలెను. మొక్క పొడవుగాఁ బెరుఁగుటకు సులభోపాయము, మనుష్యుఁడు పొలమున నెత్తుగా నెగురుట! జర్మనీదేశమందలి స్వాబియాలోను, ట్రాన్సిల్వేనియాయందలి సాక్సనుజాతివారిలోను భంగపైరు గలవాఁడు చేనిలో నెంత యెత్తెగిరిన మొక్క యంత యెత్తు పెరుఁగునను నమ్మకముతో గంతులు వైచు నాచారము కలదని ఫ్రేజరు తన గోల్డెన్ బౌ గ్రంథమున వ్రాసియున్నాఁడు. ఫ్రాన్సునందలి ఫ్రాంష్‌కోంతె సీమవారు వసంతారంభమునకు ముందు వచ్చు కార్నివాలు పండుగనాఁడు భంగ యెత్తుగాఁ బెరుఁగుటకై నాట్యమాడిరి. సాదృశ్యముచేఁ గార్యము సిద్ధించునను నీ తర్కము లోకమంతట నొక్కటియే. ఎవ్వని గంతెంత, వాని పంట యెంత యని ప్రక్కప్రక్కన వ్రాసిపెట్టినవాఁడు మాత్రము కానరాఁడు. వ్రాసియున్నచో నాచార మొక తరమునకు మించి నిలిచియుండదు.

బ్రిటను ద్వీపమున భంగవిత్తులు వేఱొక పనికిఁ గూడ వినియోగపడెను. పర్వదినమున నడురాత్రి కన్యక భంగవిత్తులు చల్లుచు నడచి, యెడమభుజము మీఁదుగా వెనుదిరిగి చూచినచోఁ గాఁబోవు పెనిమిటి ఛాయ పైరు కోయువానివలె వెంటవచ్చుచుండునఁట. 1714లో జాన్ గే తన గోపకావ్యమునను, 1785లో బర్న్సుకవి హాలోవీను రాత్రిని గూర్చిన గేయమునను నీ వేడుకను వర్ణించిరి. నడురాత్రి కోఁతకు వచ్చు పెనిమిటి దొరకుట యెట్లున్నను, పక్షులు మాత్రము మఱునాఁటి యుదయమున నా విత్తులను వదలియుండవు.

ఈ గంతులును ఛాయలును వినోదమాత్రములు. భంగను గూర్చి విద్వాంసులను గూడ నూఱేండ్లకుఁ బైగాఁ దికమకపెట్టిన భ్రాంతి యొకటి కలదు. అది మొక్కయొక్క స్త్రీపురుషభేదమును గూర్చినది.

భంగలో మగపూవు లొక మొక్కకు, నాడుపూవులు వేఱొక మొక్కకుఁ బూయుట సాధారణము. మగమొక్క సన్నముగాఁ బెరిగి, ముందుగాఁ బూచి, పుప్పొడి రాల్చి వాడిపోవును. ఆడుమొక్క దిట్టముగా, గుబురుగా నుండి, మఱి కొన్ని వారములు నిలిచి విత్తులు కట్టును. మన తాటితోఁపులలో నీ భేదము బిడ్డలకుఁ గూడఁ దెలియును: కాయలు కాచునది పెంటితాడు, కాయనిది పోఁతుతాడు. తెలుఁగురైతు ఫలమును జూచి పేరు పెట్టెను. యూరోపురైతు బలమును జూచి పేరు పెట్టెను. సన్నగా నుండి ముందుగా వాడునది యాడుదనియు, దిట్టమై కడవఱకు నిలుచునది మగదనియు నిశ్చయించి, మగమొక్కకు ఫింబులు, ఆడుమొక్కకుఁ గార్లు అని యింగ్లీషువారు పేళ్లు పెట్టిరి. ఫింబులు లాటినుభాషలోని ఫెమెల్లా, అనఁగా స్త్రీ యను మాటనుండి పుట్టినది. కార్లు మొరటు పురుషునిఁ జెప్పు మాట. జర్మనులు సైతము పుప్పొడి రాల్చుదానిని ఫెమెలనియు, విత్తులు మోయుదానిని, మస్కులుసను పురుషవాచకమునుండి, మాస్తెలనియుఁ బిలిచిరి. బిడ్డలను గనునది మగఁడు, కననిది యాలు! ఇంతకంటె విపరీతమైన లింగవ్యత్యయము వ్యాకరణమున నెచ్చటను దొరకదు.

విచిత్ర మేమనఁగా నీ తలక్రిందుల పేళ్ల వలనఁ బంటకు రవ్వంతయు నష్టము కలుగలేదు. పదునాఱవ శతాబ్దమున థామసు టస్సరు వ్రాసిన పద్యమయకృషిగ్రంథమున ఫింబులును ముందుగాఁ బెఱికి నూలునకును, గార్లును విత్తులకును ద్రాళ్లకును వాడుమని గృహిణికి బోధ కలదు. ఏ మొక్కను ఎప్పుడు పెఱుకవలెనో రైతు భార్యకుఁ జక్కఁగాఁ దెలియును. తెలియనిది కారణము. పుప్పొడి రాల్చుటతో మొదటిదాని పని ముగిసినదనియు, రెండవదాని పని యపుడే మొదలయ్యెననియు నెవ్వరు నెఱుఁగరు. చేయి యొప్పు, పేరు తప్పు.

పేరు దిద్దుటకు 1694 వఱకు నాఁగవలసివచ్చెను. ఆ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన జర్మనీదేశమందలి ట్యూబింగెను విద్యాపీఠమున ఆచార్యుఁడైన రుడాల్ఫు యాకోబు కమెరారియసు తన మిత్రుఁడైన వాలెంటీనికి మొక్కల స్త్రీపురుషభేదమును గూర్చి యొక దీర్ఘలేఖ వ్రాసెను. ఆతఁ డూహలతోఁ దృప్తిపడినవాఁడు కాఁడు. ఆముదపు గెలలో మగమొగ్గలను విచ్చకముందే గిల్లివైచి చూచెను, గింజ కట్టలేదు. మన యాముదపుచేలలో నెవ్వఁడైనను దీనిని సరిచూడవచ్చును: గెలలోఁ గ్రింద నుండునవి మగపూలు, పైన నుండునవి యాడుపూలు. మొక్కజొన్నలో జూలు కత్తిరించి చూచెను, గింజ పట్టలేదు. మగచెట్టు చేరువ లేని కంబళిచెట్టు పండ్లలోని విత్తులు తాలువోయెను. కాఁబట్టి పుప్పొడి లేనిదే విత్తు లేదని యాతఁడు నిశ్చయించెను.

తరువాత భంగ యడ్డుపడెను. పొలమునుండి యాడుమొక్కలను దెచ్చి తోఁటలో నొంటరిగా నాటఁగా నవి విరివిగా విత్తులు కట్టెను. సరియే, పొలములో నున్నప్పుడే పుప్పొడి తగిలియుండునని మఱల విత్తునుండి పెంచి, మగమొక్కలనెల్లఁ దీసివైచి చూచెను. అప్పటికిని గొన్ని విత్తులు కట్టెను. ఆచార్యునకుఁ జిరాకు కలిగెను. తన లేఖలో నా సంగతిని దాఁచలేదు. తక్కిన మొక్కలన్నియు నొక సాక్ష్యము, భంగ యొక్కటి వేఱొక సాక్ష్యము పలుకుచుండఁగాఁ దన మతమును విడువక, విరుద్ధసాక్ష్యమును గూడఁ జదువరి ముందు పెట్టుట యా కాలమున నరుదైన నిజాయితీ.

ఆ పిమ్మట స్వీడనుదేశీయుఁడు లినేయసు కేసరముల సంఖ్యను బట్టి వృక్షజాతులను విభజించి, పుష్పములను వధూవరులతోఁ బోల్చి చెప్పఁగా, సెయింటు పీటర్సుబర్గునందలి సీగెస్బెక్కను వృక్షశాస్త్రజ్ఞుఁడు 1737లో మండిపడెను. ఒక్క యాడుపూవున కనేకపురుషులా? భగవంతుఁ డిట్టి వ్యభిచారమును దన సృష్టిలో నెన్నఁడు ననుమతింపఁడని యాతని వాదము. ఇదియు నొక మిథ్యాశాస్త్రమే. మొక్క యెట్లుండవలెనో ముందుగా నిశ్చయించుకొని మొక్కను జూడకపోవుట. సీగెస్బెక్కు పేరు నేఁడు లినేయసు పేరిడిన యొక కలుపుమొక్కకు మాత్రమే మిగిలియున్నది. ఆ మొక్క మన దేశమునను మొలచును.

చిత్రముగా నా సెయింటు పీటర్సుబర్గు పండితపరిషత్తే కొంతకాలమునకు మొక్కల లింగభేదమును గూర్చి వ్యాసములు కోరి బహుమాన మేర్పఱుపఁగా, 1760లో దానిని గెలుచుకొన్నవాఁడు లినేయసే. ఆ వ్యాసమున నాతఁడు చూపిన సాక్ష్యములలో భంగయు నొకటి. ఏప్రిలు మాసమున రెండు కుండలలో భంగవిత్తులు చల్లెను. ఒక్కొక్క కుండలో ముప్పది నలువది మొక్కలు మొలచెను. కుండలను రెంటిని దూరదూరపు గదులలోఁ గిటికీల వెలుతురునం దుంచెను. ఒక కుండలో మగవానిని నాడువానిని గలిసి పెరుఁగనిచ్చెను. రెండవ కుండలో మగమొక్క కనఁబడినంతనే పెఱికివైచెను. మొదటి కుండలోని యాడుమొక్కలు గింజ కట్టెను; పుప్పొడి సోఁకినంతనే వాని కీలాగ్రములు వాడిపోయెను. రెండవ కుండలోనివి మాత్రము చిరకాలము పచ్చపచ్చని కీలములతోఁ బూచుచునే యుండెను, గింజ కట్టలేదు. వరులకై వేచియున్న కన్యలని లినేయసు వానిని జూచి మురిసిపోయెను. శాస్త్రజ్ఞుని ముచ్చట యట్లుంచి, పుష్పము నిలిచియుండుట, గింజ లేకుండుట యను రెండు సంగతులను జదువరులు గుర్తుంచుకొనవలెను.

ఇంతటితోఁ గథ ముగియవలసినది. ముగియలేదు. ఇటలీదేశీయుఁడు స్పల్లంజాని, గబ్బిలములు చీఁకటిలో నెగురుటను బరీక్షించిన మహాపండితుఁడు, 1780లోఁ బ్రకటించిన గ్రంథమున భంగయందుఁ జేసిన ప్రయోగములను వివరించి, పుప్పొడి లేకయే యాడుమొక్కలు మొలకెత్తెడి విత్తులు కట్టినవని తీర్మానించెను. ఆతఁడు జాగ్రత్త తక్కువవాఁడు కాఁడు. ప్రయోగవిద్యలో లినేయసుకంటె నైపుణి గలవాఁడు. లినేయసు వాదము గెలిచినది. స్పల్లంజాని కన్నులు చూచినదియు నిజమే. కమెరారియసు చిరాకునకును, స్పల్లంజాని తీర్మానమునకును మూల మొక్కటే: భంగ తన నియమమును దానే తప్పును. ఆడుమొక్కపై నచ్చటచ్చటఁ గొన్ని మగపూవులు దొంగతనముగాఁ బూయును. మొక్క యొంటరిగా నుండినను, దెబ్బతినినను, వెలుతురు మాఱినను నది మఱింత తఱచు. తక్కువైనది కన్నులచూపు కాదు, పువ్వు పువ్వును విప్పిచూచు నోపిక. పైఁగా భంగపుప్పొడి గాలిలో మిక్కిలి దూరము పోవును. తోఁటగోడలు దాని నాఁపలేవు. అమెరికాయందు ఒహాయో విద్యాపీఠాచార్యుఁడు షాఫ్నరు 1921లోఁ బ్రకటించిన ప్రయోగములలో వాతావరణము మార్చి భంగమొక్కల లింగమునే తాఱుమాఱుగాఁ బూయించెను. లింగమును నిర్ణయించు బీజాంశము లుండుట నిజమే కాని యవి యాజ్ఞలవంటివి కావు, సాధారణనియమములు. వైయాకరణుల పరిభాషలోఁ జెప్పవలెనన్న భంగ బహుళగ్రహణము గల మొక్క.

ఇఁక లినేయసు కుండనుండి వంగదేశపుఁ బొలమునకుఁ బోవలసియున్నది. రాజషాహీమండలమున నౌగావ్ ప్రాంతమునఁ, జుట్టుప్రక్కల కొన్ని గ్రామములలో మాత్రమే, బ్రిటిషు ప్రభుత్వపు లైసెన్సుతో గంజాయి సాగైనది; ఆ ప్రాంతమునకు గాంజామహల్ అని పేరు; నేఁ డది బంగ్లాదేశములోనిది. 1877లో హేమచంద్ర కర్ అను నధికారి యా సాగును గూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను; 1893లో డేవిడ్ ప్రేను అను వృక్షశాస్త్రజ్ఞుఁడు మఱియొకటి వ్రాసెను. అచట వానకాలము చివర నారుమడినుండి నాటిన పైరు కార్తికమాసప్రాంతమునఁ బూఁత కొచ్చునప్పుడు పొద్దారనియుఁ, బరఖ్‌దారనియుఁ బిలువఁబడు నొక నిపుణుఁడు చేనిలో దిగును. ఇంగ్లీషువా రాతనికి గాంజాడాక్టరని పేరు పెట్టిరి. ఆతఁడు వరుసవరుసన నడచుచుఁ, బూవు విచ్చకముందే మగమొక్కను మొగ్గపోలికతో గుర్తించి విఱిచివేయును. వెనుక రైతు దానిని బెఱికివేయును. కొన్ని దినములు గడచిన పిదప మఱల వచ్చి తప్పిపోయినవానిని బట్టుకొనును. ఒకటి రెండు మగమొక్కలు మిగిలినను జేనంతయు గింజ కట్టును. గింజ పట్టిన సరకునకు వెల లేదు. లినేయసు రెండవ కుండలోఁ జూచి మురిసినది, పొద్దారు బిగాలకొలఁది పొలమునఁ గూలికిఁ జేయుచుండెను.

పొద్దారు సీగెస్బెక్కు వాదమును వినలేదు. స్పల్లంజాని గ్రంథమును జదువలేదు. తప్పిన మొక్కయుండునని తెలిసి రెండవమాఱు, మూఁడవమాఱు చేనిలో దిగుటయే యాతని శాస్త్రము. స్పల్లంజానికిఁ గొఱవడినది సరిగా నదియే. అట్లని పొద్దారును ఋషిని జేయఁబనిలేదు. తన పనికిఁ గావలసినంత మాత్రమే యాతఁ డెఱుఁగును. గింజ లేనిచో మత్తేల పెరుఁగునని యడిగినవానికి నాతనియొద్ద సమాధాన ముండదు.

1893-94లో హిందూదేశపు గంజాయిని విచారించుటకై నియుక్తమైన సంఘము మాక్వర్తు యంగు అధ్యక్షతను 1193 మంది సాక్షులను విచారించి పెక్కు సంపుటముల నివేదికను సిద్ధపఱచెను. సాగుచేయు రైతు, అమ్మువాఁడు, వైద్యుఁడు, సన్న్యాసి, పోలీసు అధికారి యందు సాక్షులు. చెన్నపురి రాజధానిలో నప్పటి కృష్ణామండలమునందలి బాపట్ల తాలూకా గంజాయి సాగైన తావులలో నొకటి. ఆ తాలూకా 1904లో గుంటూరుమండలమునఁ జేరెను. 1985నాఁటి మాదకద్రవ్యశాసనము ననుసరించి యనుజ్ఞ లేని సాగు నేరము.

లింగభేదము తేలినను గంతులవారి ప్రశ్నకు, అనఁగా మొక్క యేల పొడవుగాఁ బెరుఁగును, ఏల పొట్టిగా నుండఁగనే పూచుననుదానికి, సమాధానము దొరకలేదు. చంద్రుని వృద్ధిక్షయములనుబట్టి విత్తవలెనని కొందఱు పంచాంగము చూచిరి. సమాధానము చంద్రునియందుఁ గాక సూర్యునియందు నున్నది. పారిసునగరమున జూలియన్ టూర్న్వా యను యువకుఁడు శీతకాలమున గాజుగదిలో భంగను, దాని జ్ఞాతియైన హాపుతీఁగను విత్తి చూచెను. మొక్కలు బెత్తెడైనఁ బెరుఁగక మున్నే పూచెను. వేఁడిమియా, నీరా, ఎరువా యని యొక్కొక్కదానిని మార్చి చూచి, తుదకుఁ గారణము పగలు కుఱుచయగుట, రాత్రి దీర్ఘమగుట యని 1912, 1914 సంవత్సరములలోఁ బ్రకటించెను. 1914లోఁ బ్రారంభమైన మహాయుద్ధమున నాతఁడు మరణించెను. 1920లో అమెరికాయందు గార్నరు, అల్లార్డులు పొగాకును సోయాచిక్కుడును బరీక్షించి యీ నియమమునకు వ్యాప్తి చూపిరి; కీర్తియు వారికే దక్కెను.

దీనిని బట్టి కార్నివాలు నాట్యమును మఱల నాలోచింపవచ్చును. వసంతమున వేళకు విత్తిన భంగకు వేసవి దీర్ఘదినములన్నియు దక్కును. రాత్రులు పెరుఁగువఱకు నది పూఁతకు రాదు. కాఁబట్టి యెత్తుగాఁ బెరుఁగును. ఆలసించి విత్తినది పొట్టిగా నుండఁగనే పూచును. విత్తుకాలమునకు ముందు నాట్యమాడి యూరివారందఱును భంగచేలను దలఁచుకొనుట వలన విత్తు వేళ తప్పకుండెనేమో. ఇది యూహయేకాని దృఢముగాఁ జెప్పఁదగినది కాదు. ట్రాన్సిల్వేనియావారి గంతులకు మాత్ర మీ సమర్థనము చాలదు. ఎదుగుచున్న పైరున నెగిరినవాఁడు తొక్కిన మొక్కలు పెరుఁగవు.

హాపుతీఁగ ప్రస్తావన వచ్చినది గనుకఁ గడపటి భ్రాంతిని గూర్చి చెప్పవలెను. బీరుమద్యమునకుఁ జేఁదునిచ్చు హాపును భంగయు నొకే కుటుంబములోనివి. ఒకదానిపై నొకటి యంటుకట్టినచో నతుకును. 1940 దశకారంభమున అమెరికాయందలి కార్నెగీ సంస్థలో వార్ముకి, డేవిడ్సను అనువా రిట్టి యంట్లు కట్టి పరీక్షించిరి. భంగవేరుపై నతికిన హాపుతీఁగయందును మత్తుద్రవ్యము చేరునను మాట యా ప్రయోగముల పేరిట లోకమునఁ బ్రాకెను. ఇంకేమి! 1970 తరువాత రహస్యముగా గంజాయి పెంచువారికై వెలువడిన చిన్నపొత్తములలో నిది సిద్ధాంతమై కూర్చుండెను. రాజభటుఁడు వచ్చి చూచినచోఁ గానవచ్చునది నిర్దోషమైన హాపుతీఁగ. ఆకులలో మాత్రము గంజాయి! దోహదములు కల్పించిన కవులకుఁ గూడ నింతటి ఫలశ్రుతి తట్టలేదు.

అంటుకట్టుట మన తోఁటమాలి యెఱుఁగని విద్య కాదు. నాటుమామిడిపై బంగినపల్లి యంటుకట్టినచో నాటువేరు నీటిని, లవణములను బంపును, కాచునది బంగినపల్లియే. రుచి యాకులలోను గాయలోను సిద్ధమగునే కాని వేరునుండి యెక్కిరాదు. కాని యీ నియమమునకుఁ బొగాకు గొప్ప యపవాదము: దాని విషద్రవ్యమైన నికోటిను వేరులోఁ బుట్టి యాకునకెక్కును, పొగాకువేరుపై నతికిన టమాటా యాకులలోనికిఁ గూడ నది చేరును. కాఁబట్టి హాపుమాట వట్టి మూర్ఖత యని మొదటనే త్రోసిపుచ్చుటకు వీలులేదు. భంగ మామిడివంటిదా, పొగాకువంటిదా యని పరీక్షించి తెలిసికొనవలసినదే.

ఆ పరీక్ష 1975లో జరగెను. ఇంగ్లండునందలి క్రోంబీ దంపతులు రసాయనశాస్త్రరీతిని, మత్తు హెచ్చుగాఁ గల భంగను దక్కువగాఁ గల భంగతోను, రెండు తెగల హాపులతోను దలక్రిందులుగను మీఁదుమీఁదుగను అంటుకట్టి, యొక్కొక్క భాగపు టాకులను వేఱువేఱుగా శోధించిరి. భంగకొమ్మ హాపువేరుపై నున్నను భంగద్రవ్యమునే చేసెను. భంగవేరుపై నున్న హాపుకొమ్మలో నా ద్రవ్యపు జాడయే లేదు. అతుకు దాఁటి పోయినది నీరును నాహారమును మాత్రమే.